వెనక్కి నాలుగు గేర్లు

గురువారం మధ్యాహ్నం మూడు గంటల పది నిమిషాలకు డ్రైవింగ్ స్కూలు కారు మొదటి గేరులో వెనక్కి నడిచింది.

స్టీరింగు దగ్గర ఉన్నది స్కూలు నడిపే టీచరమ్మ. పక్క సీట్లో ఆమె అత్తగారు. ఎదురుగా షెడ్డు వాకిట్లో, ఇంజను బిగించిన మేస్త్రీ. కారు తన మీదికి వస్తుందని అతను ఒక అడుగు పక్కకు తప్పుకున్నాడు. కారు అతనికి దూరంగా పోయి పాత టైర్ల గుట్టకు ఆనుకుని ఆగింది.

"రివర్సు పడిందమ్మా" అని కేకేశాడు.

"పద్దెనిమిదేళ్లుగా ఈ కారులోనే గేర్లు నేర్పుతున్నాను బాబాయ్ గారూ. ఫస్టుకీ రివర్సుకీ తేడా తెలీదా నాకు?"

రివర్సు వేసింది. కారు ముందుకొచ్చింది. రెండో గేరు వేసింది. వెనక్కి పోయింది, ఈసారి ఇంకాస్త జోరుగా. మూడు, నాలుగు వేసి చూడటానికి షెడ్డులో చోటు చాల్లేదు.

అత్తగారు కొంగు నోట్లో కుక్కుకుంది. భుజాలు ఊగుతున్నాయి.

"నవ్వకండి అత్తయ్యా. రేపు పరీక్ష మీకు."

"నవ్వు నాలుగు విధాల చేటన్నారు గానీ, ఆపడమెలాగో చెప్పలేదే అమ్మాయ్!"

పరీక్ష సంగతి నవ్వులాట కాదు. అత్తగారు ఇరవై రెండేళ్లుగా లాండ్రీలో నిలబడి ఇస్త్రీ చేస్తోంది. వ్యాను డ్రైవరు మానేశాడు. శుక్రవారం సాయంత్రంలోగా లైసెన్సు చూపిస్తే సీటు ఆమెదేనని ఓనరు మాటిచ్చాడు. అప్పటికి ఆమె పరీక్ష మూడుసార్లు తప్పింది. నాలుగోది శుక్రవారం పదిన్నరకి. నేర్చుకున్న స్కూలు కారులోనే పరీక్ష ఇవ్వాలని రూలు. స్కూలుకు ఉన్నది ఒక్క కారు, దాని వయసు ఇరవై ఆరేళ్లు. దాని ఇంజను సోమవారం సిగ్నలు దగ్గర పట్టేసింది.

టీచరమ్మ పదకొండు షాపులకు ఫోన్ చేసింది. "ఆ మోడలా? మ్యూజియంలో అడిగి చూడండి" అన్నాడొకడు. పన్నెండో ఫోను ఈ మేస్త్రీకి. పాత ఇంజన్లు విప్పి, అరిగినవి మార్చి, కొత్తవాటిలా చేసి అమ్మడం అతని పని.

"సరిగ్గా అదే ఉంది నా దగ్గర. అంతా కొత్తగా కట్టాను. అసలు రెండొందల గంటలు కూడా తిరగలేదు" అన్నాడు.

ఇంజను తిరుగుడు కిలోమీటర్లలో కాక గంటల్లో లెక్కపెట్టడం టీచరమ్మ అంతకుముందు వినలేదు. అడగనూ లేదు. మంగళవారం వెళ్లి చూసింది. మేస్త్రీ ఇంజన్ని ఇనప స్టాండు మీద స్టార్ట్ చేసి, దాని నెత్తిన ఒక రూపాయి బిళ్లను అంచు మీద నిలబెట్టాడు. రెండు నిమిషాలు చూశారు. ఇంజను అదరలేదు, బిళ్ల పడలేదు. ఆమె అక్కడికక్కడే సరేనంది.

ఇప్పుడు మేస్త్రీ బానెట్ ఎత్తి, ఇంజను ముందు తిరుగుతున్న బెల్టు చక్రాన్ని చూస్తూ గాల్లో వేలితో సున్నాలు చుట్టాడు. ఒకసారి ఇటు, ఒకసారి అటు. తర్వాత స్టూలు మీద కూలబడ్డాడు.

"ఇది పడవలోంచి తీసింది టీచరమ్మా."

"పడవా?"

"ఆ రోజుల్లో ఈ ఇంజన్నే పడవలకీ పెట్టేవారు. పెద్ద పడవకి రెండు. రెండూ ఒకేవైపు తిరిగితే పడవ పక్కకి లాగుతుందని, ఒకదాన్ని ఇటు, ఇంకోదాన్ని అటు తిరిగేలా చేస్తారు. నాకు దొరికింది ఆ అటుది, అందుకే గేర్లన్నీ తిరగబడ్డాయి. దాని స్టార్టరు కూడా దానితోనే వచ్చింది, అదే బిగించేశాను. స్టాండు మీద ఎటు తిరిగినా చప్పుడొకటే కదమ్మా!"

"మీ రూపాయి బిళ్ల చెప్పలేదా?"

"అది నిలబడుతుందే గానీ మాట్లాడదమ్మా" అన్నాడు మేస్త్రీ, తల దించుకుని. ఇంకో ఇంజనుకి రెండు వారాలు పడుతుందనీ, దీన్ని తనే వెనక్కి తీసుకుంటాననీ చెప్పాడు.

టీచరమ్మకు ముందు నుయ్యి, వెనక గొయ్యి. అత్తగారికి ఏదీ కనపడలేదు.

"అమ్మాయ్, నేను మూడుసార్లూ తప్పింది దేంట్లో?"

"వెనక్కి నడపడంలో."

"మరింకేం! ఈ మహాతల్లికి వెనక్కి తప్ప ఇంకోటి రాదు. దిగు, ఇలా ఇవ్వు."

షెడ్డు వెనక ఖాళీ స్థలంలో నాలుగింటి నుంచి చీకటి పడేదాకా అత్తగారు కారును వెనక్కి నడిపింది. మెడ తిప్పి, ఒక చెయ్యి సీటు మీద వేసి, మొదట అక్కడ పడున్న డ్రమ్ముల చుట్టూ, తర్వాత డ్రమ్ముల మధ్య. టీచరమ్మ తన వైపు బ్రేకును మొదటి గంటలో ముప్ఫైసార్లు తొక్కింది. రెండో గంటలో నాలుగుసార్లు. మూడో గేరు పడినప్పుడు ఇద్దరూ అరిచారు. మేస్త్రీ గోడ మీద కూర్చుని చప్పట్లు కొట్టాడు.

శుక్రవారం పదిన్నరకి పరీక్ష ఆఫీసరు వచ్చి కారు వెనక సీట్లో కూర్చున్నాడు. అత్తగారు రివర్సు వేసి ముందుకు బయల్దేరింది. వెనక, రివర్సుకి వెలిగే తెల్లలైటు వెలిగింది.

"ఆపండమ్మా. ఆ లైటేమిటి?"

టీచరమ్మ ఉన్నదున్నట్టు చెప్పింది. ఆఫీసరు కళ్లజోడు తీసి, తుడిచి, పెట్టుకుని, సంచిలోంచి రూల్సు పుస్తకం తీశాడు. ఆరు నిమిషాలు చదివాడు.

"బండి ముందుకీ వెనక్కీ నడవాలి అని ఉంది. మూడు గేర్లు మార్చి చూపించాలి అని ఉంది. ఎటు పోతూ మార్చాలో రాయలేదు" అన్నాడు. "కానివ్వండి."

ముందుకు ఎనిమిది అంకె చుట్టడానికి ఉన్న ఒక్క గేరు సరిపోయింది. వెనక్కి వచ్చి రెండు కర్రల మధ్య ఆపడం ఒక్క ప్రయత్నంలో అయింది. ఇక గేర్లు.

"గట్టిగా పట్టుకోండి సార్. ఇప్పుడు ముందు సీటు మీదే" అంది అత్తగారు.

మైదానం చుట్టూ కారు వెనక్కి పరిగెత్తింది. ఒకటి, రెండు, మూడు. పరీక్షకు వరసలో నిలబడ్డవాళ్లు కాగితాలు వదిలేసి, మైదానానికి అడ్డం కట్టిన తాడు దగ్గరికొచ్చారు. ఆఫీసరు వెనక అద్దంలోంచి ఎదురొస్తున్న దారిని చూస్తూ "మెల్లిగా అమ్మా, మెల్లిగా" అన్నాడు. రెండో చుట్టులో ఆ మాట మానేశాడు. మూడో చుట్టు పరీక్షలో లేదు. అది ఆయనే అడిగాడు.

ఫారం మీద పదకొండు గంటల ఇరవై నిమిషాలకు సంతకమైంది. గేర్ల గడిలో "మూడు, వెనకదిశలో" అని రాసి ఉంది. లాండ్రీ ఓనరు నాలుగింటికి లైసెన్సు చూశాడు.

సోమవారం ఉదయం ఎనిమిది గంటల ఐదు నిమిషాలకు నూట నలభై దుప్పట్లతో వ్యాను బయల్దేరింది. స్టీరింగు దగ్గర అత్తగారు కూర్చుని ఉంది.