చెయ్యి కొలత రాయని చీటీ

యూనిఫారాలు కుట్టే మా వర్క్‌షాపులో ఆ పొద్దున మా అమ్మాయి రాసిన కంప్యూటర్ ప్రోగ్రాముకి పరీక్ష. పాతికేళ్లుగా మిషన్ మీద కూర్చుంటున్నదాన్ని, ఆ రోజు సూదిలో దారం ఎక్కించలేకపోయాను. అది కొలత తప్పు చెబితే తాను కత్తెర పట్టనని కటింగ్ మాస్టారు ముందే తేల్చేశారు. పిల్ల మూడు నెలల కష్టం చెత్తబుట్టలోకే.

ముందురోజే నాకు విడమరిచి చెప్పింది. "ప్రోగ్రాములో ఫంక్షన్ అంటే ఏం లేదమ్మా, కొలతలిస్తే కత్తిరింపు లెక్క చెబుతుంది. ఎత్తు, ఛాతీ తప్పనిసరి. చెయ్యి పొడుగు ఇస్తే సరే, ఇవ్వకపోతే ఇరవై నాలుగంగుళాలు అనుకుంటుంది. జేబులు, పట్టీలు, ఇంకెన్ని అడిగినా చివర ఒక జాబితాలో వేసుకుంటుంది."

"అన్నేసి కుక్కితే పగిలిపోదూ?"

"పగలడానికి అదేమన్నా కుండా?"

పరీక్షలో మాస్టారిచ్చిన మొదటి కొలతల చీటీ గట్టెక్కింది. రెండోది బడిపిల్లది. ఎత్తు నలభై ఎనిమిది, ఛాతీ ఇరవై ఆరు, అంతే. తెర మీద చెయ్యి ఇరవై నాలుగని వచ్చింది.

మాస్టారు కళ్లజోడు తీసి మరీ నవ్వారు. "నాలుగడుగుల పిల్లకి ఇంత చెయ్యా? చొక్కా తొడుక్కుని నేల ఊడవొచ్చు!"

అమ్మాయి మొహం ఎర్రబడింది గానీ కుర్చీలోంచి లేవలేదు. నా వైపు తిరిగింది.

"అమ్మా, చీటీలో చెయ్యి కొలత లేకపోతే నువ్వేం చేస్తావు?"

"ఎత్తులో మూడో వంతు తీసుకుని ఒక అంగుళం కలుపుతాను."

"నిన్ననే చెప్పొచ్చుగా!"

"నువ్వడిగావా?"

ఇరవై నాలుగుని చెరిపేసింది. ఎత్తు ముందే తెలుస్తుంది కాబట్టి, చెయ్యి ఇవ్వనప్పుడు దాన్నుంచే లెక్క కట్టుకోమని అదే చోట రాసింది. ఒక్క వరుస. మళ్లీ నొక్కితే పదిహేడు వచ్చింది. మాస్టారు నవ్వడం మానేసి మూడో చీటీ ఇచ్చారు. చెయ్యి కొలతా ఉంది, కింద ఆరు అదనాలూ ఉన్నాయి. ఒక్కటీ జారిపోలేదు.

"గుడ్డ పరవండి," అన్నారాయన, సుద్ద అందుకుంటూ.

నా ప్రాణం ఊరుకుంటేగా! వంగి పిల్ల చెవిలో అడిగాను. "ఎత్తే రాయడం మరిచిపోతేనో?"

ఎత్తు ఖాళీగా వదిలి నొక్కింది. అది లేనిదే లెక్క చెప్పనని ప్రోగ్రాము మొరాయించింది.

"నీ కూతుర్ని కదమ్మా! నేను ముందు భయపడింది దానికే."

వచ్చి మిషన్ ముందు కూర్చున్నాను. దారం ఒక్కసారికే ఎక్కింది.

"మా అమ్మాయే," అన్నాను పక్క మిషన్ ఆవిడతో. ఆవిడకు తెలుసు. అయినా మళ్లీ చెప్పాను.