పదహారో గుండీ

ఎడమచేత్తో కాలరు ఎత్తిపట్టి, కుడిచేతిలోని కొక్కెపు కత్తితో పైనుంచి కిందికి ఒక్క గీత గీశాడు. ఏడు గుండీలు టపటపా రేకుడబ్బాలో రాలాయి. కాలరు ఒక కుప్పలోకి, వీపు బట్ట ఇంకో కుప్పలోకి పోయాయి. చొక్కా అన్నది ఇక లేదు. చెయ్యి ఇంకోదాని కోసం సంచిలోకి వెళ్ళింది.

పాత బట్టల గోదాములో అతన్ని అందరూ తూకం అంటారు. ఏ మూటనైనా రెండు చేతులతో ఒకసారి ఎత్తి దించి బరువు చెప్పేస్తాడు. కాటా వేరే మాట చెబితే కాటాకే మరమ్మతు చేయిస్తారు. సన్నటి మనిషి. ఎడమ బొటనవేలికి గోరు సగమే ఉంటుంది. పందొమ్మిదేళ్ళు ఒకే ముక్కాలిపీట మీద ఒకవైపుకే ఒరిగి కూర్చోవడంతో కుడిభుజం కిందికి దిగిపోయింది. సాయంత్రానికి కనుబొమల నిండా నూలుదుమ్ము పట్టి ముసలివాడిలా అవుతాడు. ఇంటికెళ్ళి మొహం కడుక్కుంటే మళ్ళీ నలభై ఆరేళ్ళకు వస్తాడు.

గోదాము నీతి ఒక్కటే. కలిసున్నది తుక్కు, విడదీసింది సరుకు. పాత కోటును కోటుగా అడిగేవాడు ఉండడు. అందులోని ఉన్ని ఒకడికి కావాలి, దూది ఇంకొకడికి, గుండీలు మరొకడికి. తూకానికి ఈ నీతి ఒంటబట్టింది. ఎవరింటికి పెళ్ళికెళ్ళినా పెళ్ళికొడుకు మొహం చూడడు, కోటు అంచు చూస్తాడు.

"నిన్ను భోజనానికి పిలిస్తే కుర్చీల గలీబులు కూడా దాచుకోవాలి తమ్ముడూ," అంటుంది బేళ్ళక్క. బట్టను నొక్కి బేళ్ళు కట్టే యంత్రం ఆవిడది. ఆవిడ గొంతు ఆ యంత్రం కంటే పెద్దది.

అతనికి సొంత నియమం ఇంకొకటి ఉంది. జేబుల్లో దొరికిన కాగితం చదవడు. చేరిన కొత్తలో ఎవరిదో ఉత్తరం చదివి ఆ పూటంతా కత్తి కదపలేకపోయాడు. మనుషులు జేబుల్లో ఏవేవో మరిచిపోతారు. అవన్నీ మోసుకుంటూ కూర్చుంటే సరుకు ఎప్పుడు తేలాలి? వేలికి కాగితం తగిలితే తగిలినట్టే కాగితాల తట్టలోకి విసిరేస్తాడు.

ఆ రోజు అతని పెళ్ళిరోజు. తన చొక్కా జేబులో ఒక గుండీ ఉంది.

ఆ గుండీల కథ పెళ్ళయిన మొదటి ఏడు మొదలైంది. భార్యకు బజారులో ఒక పింగాణీ పిట్టను కొన్నాడు. పిట్ట పిడికెడే. దాని చుట్టూ తెల్లటి థర్మోకోల్ బిళ్ళలు, ఆపైన అట్టపెట్టె, దానిమీద మెరుపుకాగితం, రిబ్బను, రిబ్బను మీద ప్లాస్టిక్ పువ్వు. ఆమె ఒక్కొక్కటే విప్పి పక్కన పేర్చింది. అన్నీ అయ్యాక పిట్టను ఒక చేతిలో, చెత్తను ఇంకో చేతిలో పట్టుకుని అతని ముందు నిలబడింది.

"మీరు తూచేవారు కదా, చెప్పండి. నాకిచ్చింది ఎంత, చెత్తబుట్టకిచ్చింది ఎంత?"

అతను తలొంచుకున్నాడు. తూచక్కర్లేదు. కంటికే కనిపిస్తోంది.

"పావు వంతు నాకు, ముప్పావు బుట్టకు. మీరు కట్టుకున్నది నన్నా, దాన్నా?" అని పగలబడి నవ్వింది.

మర్నాడు తనే షరతు పెట్టింది. కొనకూడదు, చుట్టకూడదు, పారేసేది గోరంత కూడా మిగలకూడదు. అతను గోదాము యజమానిని అడిగి, ఏడాదికి ఒక్క గుండీ తీసుకునే అనుమతి సంపాదించాడు. వేలకొద్దీ గుండీల్లో ఒకటి. పెళ్ళిరోజుకు నెల ముందు నుంచే వెతుకులాట మొదలయ్యేది. కొమ్ముతో చేసినది ఒక ఏడు, కాలిన మచ్చ ఉన్న చెక్కది ఇంకో ఏడు. ఇత్తడిది, గాజుది, నాలుగు బెజ్జాలకు బదులు అయిదు ఉన్న వింతది. ఆమె వాటిని సీసాలో వేసి దాచేది. పనిలోంచి వచ్చి మొహం తుడుచుకుంటున్నప్పుడు అప్పుడప్పుడు ఆ సీసా గలగల వినిపించేది. ఆ ఇంట్లో ఇద్దరే మనుషులు. ఆ చప్పుడు మూడోది.

ఆమె కూడా తిరిగి ఏదో ఒకటి ఇచ్చేది. చిరిగిన దుప్పటితో చేతిరుమాళ్ళు, పాత బెల్టుతో కత్తికి ఒర. వాటిని ఎక్కడ దాచినా అతనికి దొరికిపోయేవి. దిండు ఎత్తితే దిండు బరువు తేడా, డబ్బా కదిపితే డబ్బా బరువు తేడా. "దొంగమొహం! ఒక్కసారైనా ఆశ్చర్యపోరు కదా," అని విసుక్కునేది.

ఈ ఏడు ఇల్లంతా చూసినా ఏమీ దొరకలేదు. ఈ మధ్య ఆమెకు ఆయాసంగా ఉంటోంది. మూడంతస్తుల మెట్లలో రెండుచోట్ల ఆగుతోంది. ఆమె ఆగితే అతనూ ఆగి గోడ చూస్తూ నిలబడేవాడు. దుమ్ము వల్లే అంటుంది ఆమె. కాబోలు అంటాడు అతను. ఈసారి కానుక కుట్టే ఓపిక లేకపోయిందేమో అనుకుని వెతకడం మానేశాడు.

పొద్దున్న బయల్దేరుతుంటే ఆమె గుమ్మం దాకా వచ్చింది.

"ఏమండీ, ఇవాళ ఏ సంచి పడితే ఆ సంచి గబగబా కోసెయ్యకండి."

"ఏమోయ్, కొత్తగా నాకు పని నేర్పుతున్నావా?"

"నేర్పితే నేర్చుకునే రకమా మీరు!" అని నవ్వింది. నవ్వు మధ్యలో ఊపిరి కోసం ఆగింది.

తొమ్మిదింటికి తోపుడుబండి అబ్బులు సంచులు దింపాడు. ఇల్లిల్లూ తిరిగి పాతబట్టలు ఏరుకొచ్చే కుర్రాడు అతను. పేరేదో ఉన్నా అందరికీ అబ్బులే. "బాబాయ్, ఈ చిన్న మూట ముందు చూడు," అని ఒకటి బల్ల మీద పెట్టి, పళ్ళన్నీ కనబడేలా నవ్వి, బండి తోసుకుంటూ వెళ్ళిపోయాడు.

తూకం ముందు దాన్నే అందుకున్నాడు. లోపల దూది పెట్టి కుట్టిన చేతుల్లేని కోటు. పైబట్ట రకరకాల ముక్కల అతుకు. అతుకుబట్ట వేరుచెయ్యడం శ్రమ. పైగా ముందువైపు రెండు వరుసల కాజాలు. కత్తి పెట్టి లాగితే కుట్టు తెగలేదు. రెండుపేటల దారం, దగ్గరదగ్గర కుట్లు.

"ఏ మహాతల్లి కుట్టిందో! నా ప్రాణం తియ్యడానికే కుట్టినట్టుంది," అన్నాడు.

"మంచి చెయ్యి," అంది బేళ్ళక్క దూరం నుంచి చూసి.

"మంచి చెయ్యే. నాకే నష్టం."

ఒక నిమిషంలో అయ్యే పని మూడు నిమిషాలు పట్టింది. గుండీలు డబ్బాలో రాలాయి. దూది లాగి దూదిలో కలిపాడు. లోపలి జేబులో మడిచిన కాగితం వేలికి తగిలింది. తట్టలోకి విసిరాడు. ముక్కలు బట్టల కుప్ప మీదికి వెళ్ళాయి. ఆ కుప్ప పదింటికి బేలు అయింది. కాగితాల లారీ పదకొండింటికి వెళ్ళిపోయింది.

మధ్యాహ్నం భోజనం డబ్బాలు విప్పే వేళకు అబ్బులు తిరిగొచ్చాడు. తూకం చుట్టూ ఒక ప్రదక్షిణం చేసి చూశాడు.

"ఏది బాబాయ్? తొడుక్కోలేదేం?"

"ఏంటి తొడుక్కునేది?"

"పిన్ని పంపిన కోటు. పొద్దున్న నీ చేతికే ఇచ్చా కదా! ఇంట్లో ఎక్కడ దాచినా పట్టేస్తాడు, పనిలో పెడితే బిత్తరపోతాడు, ఆ మొహం ఎలా ఉందో చూసొచ్చి నాకు చెప్పు అంది."

డబ్బా మూత అతని చేతిలోనే ఉండిపోయింది. అబ్బులు మొహంలో నవ్వు కొంచెంకొంచెంగా ఆరిపోయింది. అతను కుప్పల వంక చూశాడు. బట్ట, దూది, గుండీలు, దేనికదే శుభ్రంగా. పందొమ్మిదేళ్ళలో అంత చక్కగా ఏదీ వేరుచెయ్యలేదు.

"అక్కా," అన్నాడు. బేలు వైపు చెయ్యి చూపించాడు.

కట్టిన బేలు విప్పడం ఆ గోదాములో ఎవరూ ఎరగరు. బేళ్ళక్క యంత్రం ఆపింది. ఇనుప పట్టీలు తెంపింది. "మొహం అలా పెట్టకు తమ్ముడూ. ఇదేమైనా కాల్చేశామా, నొక్కామంతే," అంటూ మోకాళ్ళ మీద కూర్చుని పొరలు పొరలుగా ఎత్తింది. ఒక గంటలో వీపు దొరికింది. తర్వాత ఎడమ పక్క, ఆ తర్వాత సగం చిరిగిన కుడిపక్క. ఇప్పుడు చూస్తే ప్రతి ముక్కా తెలిసినదే. ఇది తన మొదటి పనిచొక్కా. ఇది తమ కిటికీ తెర. ఈ నీలం పూలది ఆమె పెళ్ళిలో తొడుక్కున్న రవిక. పొద్దున్న ఇదే బట్టను నూలు, పాతది, రంగు వెలిసినది అని విదిల్చి పారేశాడు.

"కాగితం ఒకటుంది," అన్నాడు.

"అది లారీలో పోయింది. దాన్ని మర్చిపో," అంది బేళ్ళక్క. "ఆవిడ నోరు ఎక్కడికీ పోలేదుగా. ఏం రాశావోయ్ అని అడుగు. గుండీలు చూసుకో ముందు."

గుండీల డబ్బాను నేల మీద గుమ్మరించాడు. ఆమె గుండీలన్నీ ఎరిగినవే. కొమ్ముది దొరికింది. కాలిన మచ్చది, గాజుది, అయిదు బెజ్జాలది దొరికాయి. ఏ డబ్బాలోంచి ఏరి పట్టుకెళ్ళాడో, తన చేత్తోనే మళ్ళీ ఆ డబ్బాలోకి కోశాడు. మూడింటికల్లా పదిహేను తేలాయి.

కాజాలు లెక్కపెట్టాడు. రెండు వరుసలు, వరుసకు ఎనిమిది. పదహారు.

ఒకటి తక్కువ.

యజమాని వచ్చి పక్కన నిలబడ్డాడు. "ఇవాళ నీ పెళ్ళిరోజటగా. ఇంక ఇంటికెళ్ళవయ్యా. కోటంతా కోసినవాడివి, ఒక గుండీ తక్కువైతే ఏమంటుంది? తిట్లలో ఒకటి ఎక్కువ, అంతే."

"ఒక్కటేనండీ. దొరికితే వెళ్తాను."

పదిహేను ఏళ్ళ గుండీలూ వరసగా గుర్తున్నాయి. పదహారోది ఏమిచ్చాడో ఎంత తలుచుకున్నా గుర్తు రావడంలేదు. పెళ్ళానికి తనే ఇచ్చిన కానుక తనే మరిచిపోయాడా? కోటు కోసినందుకు క్షమిస్తుంది. నవ్వుతుంది కూడా. "ఫలానా ఏడు ఇచ్చింది ఏది?" అని అడిగితే ఏం చెప్పాలి? గుండీలన్నింటినీ రంగుల వారీగా వేరుచేశాడు. తర్వాత బెజ్జాల వారీగా. బేళ్ళక్క వెళ్ళిపోయింది. అబ్బులు కాసేపు సాయం పట్టి, బయటి తలుపు దగ్గరగా వేసి వెళ్ళిపోయాడు. వెలుగు తగ్గి, నల్లదేదో గోధుమరంగుదేదో తెలియనప్పుడు లేచాడు. ముక్కలన్నీ చొక్కా లోపల పెట్టుకుని, పదిహేను గుండీలు చేతిరుమాలులో మూటకట్టి బయల్దేరాడు.

దారిలో చెప్పే మాటలు కూర్చుకున్నాడు. ఏమోయ్, నువ్వు గెలిచావు, ఇంతలా ఎప్పుడూ బిత్తరపోలేదు. అలా మొదలుపెడితే ముందు నవ్వుతుంది. నవ్వాక మిగతాది చెప్పొచ్చు.

మెట్ల దగ్గర జనం ఉన్నారు. దారి ఇచ్చారు. మొదటి మలుపులో, అలవాటు కొద్దీ, ఒక్క క్షణం ఆగాడు.

కిటికీ పక్క కుట్టుమిషను ముందున్న కుర్చీలో ఆమె కూర్చుని ఉంది. తల కొంచెం ఎడమకు వాలింది. మెడ దాకా ఎవరో దుప్పటి కప్పారు. కింది వాటా ఆవిడ గోడకు ఆనుకుని నిలబడి ఉంది.

"మూడు దాటేదాకా నాతో మాట్లాడుతూనే ఉందండీ," అంది. "నాలుగింటికి టీ తెచ్చేసరికి ఇలా ఉంది. డాక్టరొచ్చి చూసి వెళ్ళాడు. మీ కోసం మా ఆయన్ని పంపాను, గోదాము తలుపు వేసేసి ఉందట. మీరు లోపలే ఉన్నారని ఎవరికి తెలుసు!"

మూడింటికి. అతను తలూపాడు, ఎవరో ధర చెబితే విన్నట్టు.

"మంచం మీదికి మార్చాలి. ఉండండి, మనుషుల్ని పిలుస్తా."

అతను వినలేదు. వంగి రెండు చేతులతో ఆమెను ఎత్తాడు. చేతులు వాటి అలవాటు కొద్దీ తూచాయి. లెక్క రాలేదు. మంచం దాకా నాలుగడుగులు. నాలుగడుగులూ చేతులు అడుగుతూనే ఉన్నాయి. ఏ అంకె కూడా రాలేదు.

దించేటప్పుడు చొక్కా లోపలి ముక్కలు జారి నేలమీద పడ్డాయి. కింది వాటా ఆవిడ వాటిని చూసి నోటికి చెయ్యి అడ్డం పెట్టుకుంది.

"అయ్యో, ఇదేంటండీ!"

"కోశాను," అన్నాడు. "తెలియక. ఒక గుండీ పోయింది. పదహారోది. ఇప్పటిదాకా వెతికాను."

ఆవిడ అతనివైపు తెల్లబోయి చూసింది.

"పదహారోది ఎక్కడుందండీ? కుట్టినవి పదిహేనే. మొదటి ఏడు గుండీ కాదు, పిట్టనిచ్చారటగా. పదహారో కాజా ఖాళీగా ఉంచాను, ఇవాళ్టిది ఆయన తెస్తారు, తేగానే కుట్టేస్తాను అంది. చీటీలో అదే రాసి జేబులో పెట్టానంది కదా. మీరు చదవలేదా?"

అతని చెయ్యి దానంతటదే చొక్కా జేబు మీదికి వెళ్ళింది. బట్ట వెనక గుండ్రంగా, చిన్నగా, పొద్దుటి నుంచి అక్కడే ఉన్నది తగిలింది. దాన్ని బయటికి తియ్యలేదు. చెయ్యి కూడా తియ్యలేదు.

"చూపు ఆనడంలేదు, కాస్త ఎక్కించి పెట్టవా అంటే మూడింటికి నేనే ఎక్కించానండీ," అంటోంది ఆవిడ, ఎవరికో చెబుతున్నట్టు.

కిటికీ గట్టు మీద సూదుల మెత్త ఉంది. దాంట్లో ఒకే ఒక్క సూది నిలబడి ఉంది. బెజ్జంలో మూరెడు నీలం దారం, రెండు పేటలు, కొసన వేసి ఉంచిన ముడి.