అసౌకర్యం అనే మాట

అనసూయ భర్త ఇంద్రసేన పోయిన రోజు అంబులెన్సు సమయానికే వచ్చింది. గేటు అవతలికి వచ్చింది.

నాంపల్లి నుంచి అబిడ్స్ వైపు వెళ్లే ఇస్త్రీ డబ్బా గల్లీలో వాళ్ల ఇల్లు. గల్లీ చివర కొత్త అపార్ట్‌మెంట్ లేచాక, అపార్ట్‌మెంట్ సంఘం అక్కడ గేటు పెట్టి తాళం వేసింది. ఆ రోజు వాచ్‌మన్ కనపడలేదు. డ్రైవరు బండి తిప్పుకుని స్టేషన్ మీదుగా చుట్టి వచ్చేసరికి ఇరవై రెండు నిమిషాలైంది. అనసూయ గడియారం చూస్తూనే ఉంది.

నెల తర్వాత మళ్లీ బడికి వెళ్లసాగింది. అబిడ్స్‌లోని ఆ బడికి ఇదివరకు గల్లీలోంచి ఐదు నిమిషాల నడక. ఇప్పుడు ఆటో ఎక్కాలి. ఊరు శివార్లు దాటి పెరుగుతోందని పిల్లలకు పాఠం చెబుతుంది. పక్క వీధి దూరమైన సంగతి పాఠంలో లేదు.

ఒక ఆదివారం ఇస్త్రీ చేసే పరశురాం తెల్లకాగితం పట్టుకొచ్చాడు.

"టీచరమ్మా, గేటు తీయాల్నని గల్లీ అంత కలిసి దరఖాస్తు ఇస్తున్నం. జర మీరే రాసియ్యాలె. నేను రాస్తే ఆఫీసోళ్లు నవ్వుతరు."

అనసూయ రాసిచ్చింది. పరశురాం వేలు పెట్టి చదివాడు.

"గేటు వలన స్థానికులకు అసౌకర్యం కలుగుతున్నది... గంతేనా?"

"దరఖాస్తు క్లుప్తంగానే ఉండాలి."

"దోమలు కుట్టినా గదే రాస్తరు గదమ్మా, అసౌకర్యమని. మొన్న నల్లా నీళ్లు బందయితె గూడ గదే రాసినం. ఏదీ, నల్లా వచ్చిందా?"

అనసూయకు నవ్వొచ్చింది. ఆపుకుంది.

"సారు సంగతి రాయరా?" అన్నాడు మెల్లగా.

"అది మా ఇంటి సంగతి, పరశురాం."

"మీ ఇంటిది గాదమ్మా, గల్లీది. రేపు మా అమ్మకు గట్లయితే?"

అనసూయ, పిల్లల నోటుపుస్తకంలో తప్పు కొట్టేసినట్టు, ఎర్ర పెన్నుతో ఆ మాట మీద గీత గీసింది. మరో కాగితం తీసి తేదీ రాసింది. అంబులెన్సు గేటు దగ్గర ఆగిన సమయం, తమ గుమ్మం ముందుకొచ్చిన సమయం రాసింది. ఇంద్రసేన అని రాసి, పెన్ను పక్కన పెట్టింది.

"ఇంకేమన్న ఉన్నదా అమ్మా?"

"పేరు ముందు ఒక మాట రాయాలి."

పరశురాంకు అర్థమైంది. "ఫికర్ జేయకుండ్రి. నిమ్మళంగ రాయుండ్రి," అన్నాడు.

పదకొండు రోజులైంది. కింద ముప్పై నాలుగు సంతకాలు పడ్డాయి. కాగితం అనసూయ బల్ల సొరుగులో ఉంది. గేటుకు తాళం ఉంది. ఇంద్రసేన పేరు ముందు కీర్తిశేషులు అని ఆమె ఇంకా రాయలేదు.