మడత దండెం

విరిగిన మడతకుర్చీని బోర్లా పడేసి మోకాలితో తొక్కిపెట్టి, కుర్చీలాయన పాత రివెట్టు తల మీద ఉలి ఆనించాడు. సుత్తితో రెండు దెబ్బలు వేసేసరికి ఆ తల ఊడి ఏ మూలకో ఎగిరిపోయింది. కుర్చీ కాళ్ళు పట్టు వదిలి చెరో పక్కకీ వాలాయి. ఆయన నడుం పట్టుకుని లేచి కొత్త రివెట్టు కోసం డబ్బాలో వెతికాడు. రేకుల కప్పు మీద వాన తెల్లారిందగ్గర్నుంచీ కొడుతూనే ఉంది. ఈ ముసురుకి అద్దెకి వెళ్ళే కుర్చీలు తక్కువ, రిపేరుకి పడి ఉన్నవి ఎక్కువ. గోడ పొడుగునా పేర్చిన ఆ గుట్టని చూస్తేనే ఆయనకి ఒళ్ళు బరువెక్కిపోతోంది.

పెళ్ళికైనా చావుకైనా ఆ అద్దె సామాన్ల కొట్టు నుంచి అవే కుర్చీలు వెళ్తాయి. భారీ మనిషి కూచుంటే సీటు కింద పైపు వంగి వస్తుంది. వెనక్కి వాలి ఊగేవాడు కూచుంటే రివెట్టు తెగి వస్తుంది. ఎలా వచ్చినా చివరికి చేరేది ఆయన మోకాలి కిందికే. మీసం మొలవకముందు ఆ షెడ్డులో చేరాడు, ఆ మీసం ఇప్పుడు నెరిసింది. కుడిచేతి చూపుడువేలి గోరు ఎప్పుడూ నల్లగానే ఉంటుంది. నలిగిన గోరు రాలి కొత్తది వచ్చేలోపల గోరుచుట్టు మీద రోకటిపోటులా అదే వేలు మళ్ళీ ఏదో మడతలో పడుతుంది. పేరు పెట్టి పిలిచేవాళ్ళు కూడా తగ్గిపోయారు. కొట్టులోనూ వీధిలోనూ అందరికీ ఆయన కుర్చీలాయనే.

ఈ పూట చెయ్యి కుర్చీ మీద ఉంది గాని మనసు ఇంటి దగ్గరుంది. అక్క నాలుగు రోజులుగా తన చెల్లెలి ఊరి మాట ఎత్తుతోంది. ఆ చెల్లెలు ఈయనకి చిన్నక్క. "దాని కూతురికి కవలలు పుట్టారు కదరా, ఒక్కతే సతమతమవుతోందట" అంది ఒకసారి. "ఇక్కడ మాత్రం నేను చేసేదేముంది" అంది ఇంకోసారి. ఆ రెండోమాట విన్నప్పటి నుంచీ ఆయనకి ముద్ద దిగడం లేదు.

తల్లి పోయేనాటికి ఆయన ఇంకా పాకుతున్నాడు. అమ్మ అనుకుంటే ఆయన కళ్ళకి అక్క మొహమే కనిపిస్తుంది. తమ్ముడూ చెల్లెలూ ఓ దారిన పడేదాకా అక్క తన పెళ్ళి మాట ఎత్తనివ్వలేదు. ఆలస్యంగా చేసుకున్న పెళ్ళి ఎక్కువ కాలం నిలవలేదు, మొగుడు పోయాడు, పిల్లల్లేరు. ఒక సాయంత్రం చేతిసంచితో వచ్చి ఈయన గుమ్మంలో నిలబడింది. "కొన్నాళ్ళుంటానురా" అంది. ఆ కొన్నాళ్ళు ఎప్పుడో ఏళ్ళయ్యాయి, ఆమె ఇంట్లో తలలో నాలుకయింది. ఇప్పుడు వెళ్తానంటే ఆయన తట్టుకోలేడు. ఎలాగైనా అక్క ఆగాలి. ఈ వానాకాలం ఆయన కోరుకుంటున్నది అదొక్కటే.

ఇల్లు ఇరకటం, ఆలి మర్కటం అన్నారు. ఆలి సంగతి అబద్ధం, ఆమె మంచిది. ఇల్లు ఇరకటమన్నది మాత్రం అక్షరాలా నిజం. మేడ మీద రెండు గదులు. డాబాకి ఇంటివాళ్ళు తాళం వేసుకుంటారు. వాన పట్టిందంటే ముందు గదిలో కిటికీ నుంచి తలుపు దాకా తాడు కట్టాల్సిందే. గది దాటాలంటే వంగి నడవాలి, తడి ప్యాంట్ల కాళ్ళు మొహానికి కొట్టుకుంటాయి. ఆ తాడుకి అక్క మహారాణి. ఇంటిల్లిపాది బట్టలూ ఆమే ఉతికేది, ఆమే ఆరేసేది. జేబులు బయటికి లాగి, దుప్పట్లు నాలుగుసార్లు తిప్పివేసి, సగం ఆరినవాటిని పొయ్యి దగ్గరికి మార్చి, తెల్లారేసరికి ఎవరి బట్టలు వాళ్ళకి మడతపెట్టి ఇచ్చేది. "నా దండేనికి అడ్డం రాకండి" అని అందర్నీ గదమాయించేది. చిక్కల్లా ఆ తాడు ఆమె మంచం మీదుగా వెళ్ళడమే. బట్టల నీళ్ళన్నీ ఆమె పక్క మీద కారేవి. పోయిన వానాకాలం దగ్గు పట్టుకుని ఎండలొచ్చేదాకా వదల్లేదు.

ఆ దగ్గు వినలేకే ఆయన దండెం చెయ్యడానికి పూనుకున్నాడు. ఇక బాగుపడవని పారేసిన కుర్చీల పైపులు యజమానిని అడిగి తెచ్చుకున్నాడు. కుర్చీ కాళ్ళు ఎలా అడ్డంగా కలిసి విడిపోతాయో అలాగే గోడ నుంచి ముందుకి సాగాలి, పనైపోయాక బెత్తెడు మందాన గోడకి అతుక్కుపోవాలి. మొదటిది పొడి బట్టలు వేసి చూసుకుని, భేష్ అనుకున్నాడు. తడి దుప్పటి పడగానే నడుం విరిగినట్టు కూలింది. ఇన్నేళ్ళు మనుషుల బరువు చూసినవాడికి నీళ్ళ బరువు గుర్తు రాలేదు. రెండోది బరువు మోసింది గాని భార్య వేలు నొక్కేసింది. "మీ ఒక్కరి గోరు నల్లబడింది చాలదా?" అని ఆమె రెండు రోజులు మాట్లాడలేదు. మూడోది కుదిరింది. కిటికీ పక్క గోడకి బిగించి, కొక్కెం తీసి లాగితే సాఫీగా సాగింది. కమ్మీ కమ్మీకీ మధ్య గాలి ఆడుతోంది. కింద వంపు రేకు, నీళ్ళన్నీ దాన్లోంచి బకెట్లోకి. ఆ సాయంత్రం మేడలోని ఆడవాళ్ళంతా వచ్చి చూసి వెళ్ళారు. ఆయన జీవితంలో తను చేసిన వస్తువుని చూడ్డానికి పదిమంది రావడం అదే మొదలు. సిగ్గేసి వంటగదిలోకి పోయి నిలబడ్డాడు.

అక్క కూడా చూసింది. "బాగుందిరా" అంది. ఆ తరవాత దాన్ని ముట్టుకోలేదు.

ఈ పొద్దున్నా అంతే. భార్య బకెట్టు తెచ్చి, కొక్కెం తీసి, చకచకా బట్టలు వేసేసింది. అక్క మంచం మీంచి లేచి, "నేనేస్తాలేవే అమ్మాయ్" అంది. "మీరు కూచోండి వదినా, ఎంతసేపు, అయిపోయింది" అంది భార్య. నిజంగానే అయిపోయింది. అక్క చెయ్యి సగం దాకా లేచి దిగింది. "కూచుని తింటే కొండలైనా కరుగుతాయే" అని నవ్వి, చేతులు ఒళ్ళో పెట్టుకుని కూచుంది. చొక్కా గుండీలు పెట్టుకుంటూ ఆయన అదంతా చూశాడు. సగం దాకా లేచిన చెయ్యి ఒక్కటే ఆయన కళ్ళలో పడింది. పై కమ్మీ ఆమెకి అందట్లేదు, అంతే అనుకున్నాడు. వయసు మీద పడింది, భుజాలు పట్టేసి ఉంటాయి. తన ఎత్తు చూసుకుని మేకులు కొట్టాడు, ఎంత తెలివితక్కువవాడు. అందేలా చేస్తే మళ్ళీ తన దండెం తను చూసుకుంటుంది, చెల్లెలి ఊరి మాట ఎత్తదు.

మధ్యాహ్నం భోజనం చెయ్యకుండానే ఆ పని మొదలుపెట్టాడు. పై కమ్మీకి తగిలించుకునే చిన్న చట్రం, పట్టుకుని లాగితే ఛాతీ ఎత్తుకి దిగాలి, వదిలితే అక్కడే ఆగాలి. రెండు మడతబందులు, ఒక స్ప్రింగు. పైపు కోసి, బెజ్జాలు వేసి, అంచులు ఆకురాయితో రుద్దుతుంటే, కుర్చీలు చేరవేసే వ్యాను డ్రైవరు గుమ్మంలో గొడుగు దులుపుకుంటూ వచ్చాడు.

"ఏం బాబాయ్, గోడకి మడిచిపెట్టే దండెం చేశావంట? మా ఆవిడ చెవిలో ఎవరో ఊదారు. నా ప్రాణం తోడేస్తోంది."

"చేద్దాంలే. ముందు మా అక్క సంగతి చూడనీ."

"ఆవిడకేమైంది?"

"అందట్లేదు. కాస్త పైకి కొట్టాను మరి."

"అయితే కిందికి దించు" అన్నాడు డ్రైవరు.

"అదే చేస్తున్నా."

అక్క చేతులకి ఎక్కడా గరుకు తగలకూడదని అంచులు మరోసారి రుద్దాడు. స్ప్రింగు మొరాయించింది. విప్పి మళ్ళీ బిగించాడు. పొద్దుటి నుంచీ వంగి వంగి నడుం ఇక నావల్ల కాదంటోంది, కళ్ళు మండుతున్నాయి. యజమాని వచ్చి కుర్చీల గుట్ట చూసి, ఆయన్ని చూసి వెళ్ళిపోయాడు. రేపు రెండింతలు చెయ్యాలి. చేద్దాంలే అనుకుని చట్రాన్ని గోనెసంచిలో చుట్టుకుని బయల్దేరాడు.

మెట్లెక్కి వచ్చేసరికి గుమ్మం పక్కన అక్క చేతిసంచి కనిపించింది. అక్క తల దువ్వుకుని, మంచం మీద పక్క చుట్టేసి, దాని పక్కన కూచుని ఉంది.

"చెల్లికి ఫోన్ చేశానురా. సాయంత్రం బస్సుకి వస్తానన్నాను. అల్లుడు ఎదురొస్తాడు."

ఆయన సంచి చూసి కూడా చూడనట్టు గోనె విప్పాడు. "ముందు ఇది చూడక్కా. ఇలా పట్టుకుని లాగితే కిందికి దిగుతుంది. నువ్వు చెయ్యెత్తే పని లేదు."

అక్క చట్రాన్ని ఒళ్ళోకి తీసుకుని అంచుల వెంట వేళ్ళు పోనిచ్చింది. "ఎంత నున్నగా చేశావురా" అంది. తరవాత దాన్ని మంచం మీద పెట్టి, లేచి, దండెం దగ్గరికి వెళ్ళి చెయ్యెత్తింది. మునివేళ్ళ మీద కూడా లేవలేదు. పై కమ్మీ ఆమె పిడికిట్లో ఉంది.

"అందకేంరా" అంది.

ఆయన ఆ పిడికిలి వంక చూశాడు. "మరెందుకు ముట్టుకోవు?" అన్నాడు.

"ముట్టుకోవడానికి ఏం మిగిలింది? పొద్దున్నే తియ్యడం, వెయ్యడం, ముయ్యడం. నీ పెళ్ళాం టీ మరిగేలోపల కానిచ్చేస్తోంది. తిప్పేది లేదు, మార్చేది లేదు. ఆ బట్టలారేసినన్నాళ్ళూ నేను ఈ ఇంట్లో మనిషిని. ఇప్పుడు చుట్టాన్ని. చుట్టం ఎన్నాళ్ళుంటుంది చెప్పు?"

"విప్పేస్తానక్కా. ఇప్పుడే. తాడు కట్టేద్దాం."

"విప్పావంటే ఊరుకోను." కమ్మీ మీంచి చెయ్యి తియ్యకుండానే అంది. "జన్మంతా ఊళ్ళోవాళ్ళ కుర్చీలు బాగుచేశావు. నీ ఇంటికని చేసుకున్నది ఇదొక్కటే. పనికిమాలినదైతే పోనీలే అని నేనే ఉండిపోదును. బాగా కుదిరింది, ఏం చేస్తాం."

వంటగది గుమ్మంలో భార్య నిలబడి ఉంది, కళ్ళు ఎర్రగా ఉన్నాయి. "సబ్బుకి మీ చేతులు పగిలిపోతున్నాయి, కాస్త సుఖపడతారనుకున్నాను వదినా" అంది.

"తెలుసమ్మా. నీ మీద నాకేం లేదు. అక్కడ ఇద్దరు పసివాళ్ళ బట్టలట, పూటపూటకీ బకెట్టు నిండుతోందట. పెద్ద డాబా, బోలెడు తాడు." ఆ మాట చెబుతున్నప్పుడు అక్క మొహం కాస్త తేటపడింది. ఆయన అది చూశాడు, చూసి ఇక ఆమెని ఆపలేకపోయాడు. ఆయనకి ఏడుపొచ్చింది. చెయ్యని పాపానికి శిక్ష పడినట్టు అనిపించింది, పోనీ ఎవరినైనా తిడదామంటే తన చేతుల్ని తప్ప తిట్టడానికి ఇంకెవరూ లేరు.

బస్టాండు దాకా సంచి ఆయనే మోశాడు. గొడుగు అక్క పట్టుకుంది. "తల తడుస్తోంది, ఇటు రా" అని దారి పొడుగునా ఆయన్ని లోపలికి లాగుతూనే ఉంది. బస్సు వచ్చింది. కిటికీ పక్క సీటు దొరికింది. ఆయన కిందే నిలబడి ఏదో చెప్పాలనుకున్నాడు గాని ఇంజను మోతలో ఏం చెప్పినా వినపడదు. అక్క కిటికీలోంచి చెయ్యి చాచి, గొడుగు ఆయన చేతికిచ్చి, ఆ నల్లగోరు వేలు ఒకసారి పట్టుకుని వదిలింది. బస్సు కదిలాక ఆయన గొడుగు తెరవడం మరిచిపోయి ఇంటిదాకా తడిసి వచ్చాడు.

భార్య తువ్వాలు తెచ్చి ఇచ్చింది. అన్నాలకి కూచోవాలంటే దండెం ముయ్యాలి. ఆమె కొక్కెం మీద చెయ్యి వేసి ఆగిపోయింది. దాని మీద ఒక్క స్వెటర్ మిగిలి ఉంది.

"వదినది. మధ్యాహ్నం తనే ఉతికి తనే ఆరేసుకున్నారు. సాయంత్రానికి ఆరుతుందనుకున్నారు. ఈ ముసురుకి ఆరుతుందా? వెళ్ళేముందు నేను తియ్యబోతే, ఉండనివ్వు, చూద్దాం అన్నారు."

ఆయన దగ్గరికి వెళ్ళి పట్టుకు చూశాడు. ఊలు, నీళ్ళోడుతూ బరువుగా ఉంది.

"మరి దండెం ముయ్యాలి కదా, తీసి తలుపు మీద వెయ్యనా?" అంది భార్య.

"వద్దు. ఆరనీ."

ఇద్దరూ గోడవారకి జరిగి, కంచాలు ఒళ్ళో పెట్టుకుని తిన్నారు. సగం గది ఆక్రమించి దండెం అలాగే తెరుచుకుని ఉంది. నడిమి కమ్మీ మీద బూడిదరంగు స్వెటర్, మోచేతుల దగ్గర వేరే రంగు ఊలుతో అల్లిన అతుకులు, కిందికి వేలాడుతున్న చేతుల చివర్ల నుంచి ఉండుండి ఒక్కో చుక్క రేకు మీద పడుతోంది.