రెండో తాళంచెవి

కార్లకి రిమోట్ స్టార్టర్లు బిగించే నా షెడ్డులో ఒక నియమం ఉంది. రెండు తాళంచెవులు తేనివాళ్ళ కారు ముట్టుకోను. ఆ మాట ఫోన్లోనే చెబుతాను. అయినా పదిమందిలో ఏడుగురు ఒకటే పట్టుకొస్తారు. నాకు చిర్రెత్తుకొస్తుంది.

కారణం పెద్దదేం కాదు. దొంగలు ఎత్తుకుపోకుండా కారుకి కంపెనీవాళ్ళే ఒక అడ్డు పెట్టి పంపుతారు. తాళంచెవి తలలో బియ్యపు గింజంత చిప్ ఉంటుంది. అది దగ్గర లేకపోతే ఇంజన్ కదలదు. ఇంట్లో నిలబడి రిమోట్ నొక్కి వీధిలో కారుని స్టార్ట్ చేయాలంటే ఆ చిప్ కారులోనే ఉండాలి కదా. కొత్త కార్లకి ఏవేవో పరికరాలు వచ్చాయి గానీ పాతవాటికి నాది పాత పద్ధతే. రెండో తాళంచెవిని చిన్న పెట్టెలో పెట్టి డాష్‌బోర్డు లోపల దాచేస్తాను. దాచేముందు దాని ఇనుప మొన కత్తిరించేస్తాను. దొంగకి దొరికినా ఉత్త తలే దొరుకుతుంది, స్టీరింగ్ తాళం తిరగదు. ఇరవై రెండేళ్ళుగా నా చేతులకి ఇదే అలవాటు.

ఆ చలికాలం ఒక దర్జీ, ఆయన భార్య వచ్చారు. ఆవిడని నేను ఎరుగుదును. ఆవిడ డ్రైవింగ్ టీచరు. మా వీధి ఆడవాళ్ళలో సగం మందికి స్టీరింగ్ పట్టడం నేర్పింది, నా భార్యతో సహా. ఆ రోజు చూస్తే మనిషి సగమైపోయింది. తలకి ఉన్ని గుడ్డ, చేతులకి మందపాటి గ్లవుజులు.

"క్యాన్సరుకి మందు ఎక్కిస్తున్నారు తమ్ముడూ," అంది. "చల్లటిది తగిలితే చాలు, వేళ్ళకి సూదులు గుచ్చినట్టుంటుంది. పొద్దున్నే ఆసుపత్రికి బయల్దేరి ఆ సీట్లో కూర్చోవాలంటే ఏడుపొస్తోంది. ముందే వెళ్ళి వేడి చేస్తానంటారు ఈయన. మూడంతస్తులు దిగి, మళ్ళీ ఎక్కి, నన్ను దింపేసరికి ఈయన్నే ఆసుపత్రిలో పెట్టాల్సొస్తుంది."

తమ్ముడని పిలిచింది కాబట్టి నేనూ వరస కలిపేశాను. "రెండో తాళంచెవి ఇవ్వండి బావగారూ."

ఆయన గోడకేసి చూశాడు. "ఒకటే ఉంది."

"ఫోన్లో చిలక్కి చెప్పినట్టు చెప్పాను కదండీ."

"ఉంది," అంది ఆవిడ. హ్యాండ్‌బ్యాగులోంచి తాళంచెవి తీసింది. పట్టుకుని పట్టుకుని దాని తల మీద అక్షరాలు అరిగిపోయాయి. "నాది. ఇమ్మంటే నేనెక్కడ బాధపడతానో అని దాస్తున్నారు."

నాకు అప్పుడు అర్థమైంది. అది ఇచ్చేస్తే ఇంక తను కారు నడపదని ఒప్పుకున్నట్టే. ఆయన దాచింది తాళంచెవిని కాదు, ఆ సంగతిని.

"కొయ్యకు," అంది నా చేతిలో పెడుతూ. "కోస్తావని నీ భార్య చెప్పింది. ఉన్నదున్నట్టు పెట్టు. మందు అయిపోగానే వచ్చి తీసుకుంటాను. ఈయన పక్కన కూర్చోవడం కన్నా నా జబ్బే నయం."

"నేర్పింది ఎవరో?" అన్నాడాయన.

"కొయ్యనక్కా," అన్నాను.

వాళ్ళు ముందు గదిలో హీటరు దగ్గర కూర్చున్నారు. నేను స్టీరింగ్ కింద వెల్లకిలా పడుకుని పనిలో పడ్డాను. తీగలు కలపడం అయింది. తాళంచెవి అందుకున్నాను. కుడిచెయ్యి కట్టర్ అందుకుంది. టక్కుమంది. మొన ఎటో ఎగిరిపడింది.

టార్చి వేసి సీట్ల కిందంతా వెతికాను, ముక్క దొరకలేదు. వెళ్ళి చెప్పేద్దామని లేచాను. అద్దంలోంచి చూస్తే ఆవిడ గ్లవుజులు తీసి చేతులు కాచుకుంటూ మొగుడితో ఏదో చెప్పి నవ్వుతోంది. చెప్పలేకపోయాను. మొండి తలని పెట్టెలో పెట్టి, టేపు చుట్టి, డాష్‌బోర్డు మూసేశాను.

"కొయ్యలేదుగా?" అంది.

"లేదక్కా. పది నిమిషాల పని, ఎప్పుడొచ్చినా తీసిస్తాను."

కొత్తది చేయించి పెడదామనుకున్నాను. కారు కాగితాలు చూపించందే కంపెనీవాళ్ళు ఇవ్వరు. కాగితాలు అడగాలంటే నా అబద్ధం బయటపెట్టాలి. రేపు, ఎల్లుండి అంటూ నాన్చాను. చలి కాస్త తగ్గిన వారంలో టీచరు పోయిందని నా భార్య వచ్చి చెప్పింది. మొహం చెల్లక చూడ్డానికి కూడా వెళ్ళలేదు.

పదిహేను రోజులకి ఆ కారు షెడ్డులోకి వచ్చింది. ఆయన ఒక్కడే దిగాడు.

"బావగారూ, మీకొక మాట చెప్పాలి."

ఆయన చెయ్యి అడ్డం పెట్టి, జేబులోంచి చిన్న గుడ్డ మడత తీసి విప్పాడు. లోపల తాళంచెవి మొన ఉంది.

"ఆ రోజు ఇంటికెళ్ళాక కారులో మ్యాటు కింద దొరికింది. వచ్చి నిన్ను కడిగేస్తానన్నాను. తను వద్దంది. అబద్ధం చెప్పేటప్పుడు వాడి మొహం చూశారా, నేను తిరిగొస్తానని నమ్మకపోతే అంత భయపడడు, అంది. చివరిదాకా ఇది తలగడ కింద పెట్టుకుంది."

ఆవిడ తిరిగొస్తుందని నేను నమ్మనేలేదు. ఆవిడ షెడ్డులో అడుగుపెట్టినప్పుడే, ఇక ఈ మనిషి నడపదు అనుకున్నాను. నేను భయపడింది నా పరువు గురించి. ఆ మాట ఆయనకి చెప్పలేదు. ఇప్పటికీ చెప్పలేదు.

"గుడ్డయితే కుట్టుకునేవాణ్ణి," అన్నాడు. "ఇది నాకు చేతకాదు. దీన్నీ ఆ పెట్టెలో పెట్టు."

"మొత్తం తీసి ఇచ్చేయమంటారనుకున్నాను."

"తీస్తే రిమోట్‌కి స్టార్ట్ అవదుగా. పొద్దున్నే కిటికీ దగ్గర నిలబడి నొక్కుతున్నాను. ఎక్కడికీ వెళ్ళను. ఊరికే, వేడెక్కనిస్తాను."

డాష్‌బోర్డు విప్పాను. తెగిన మొనని తలకి ఆనించి, రెండూ కలిపి టేపు చుట్టి, పెట్టె మూశాను. పొగ నిలవకుండా షెడ్డు తలుపులు బార్లా తెరిచాను. ఆయన గుమ్మం దగ్గర నిలబడి బటన్ నొక్కాడు. ఇంజన్ అందుకుంది. ఆయన డ్రైవరు వైపు వెళ్ళలేదు. ఇటు చుట్టూ తిరిగొచ్చి, ఆవిడ కూర్చునే పక్క సీట్లో కూర్చుని తలుపు వేసుకున్నాడు.

పదిహేను నిమిషాలకి ఇంజన్ దానంతటదే ఆగిపోతుంది, నేను అలాగే బిగిస్తాను. ఆగింది. ఆయన దిగలేదు. మళ్ళీ నొక్కాడు.