దర్జీ ఆడిన అబద్ధం

పొద్దున ఎనిమిదింటికి సర్జనమ్మ వార్డుకొచ్చి దర్జీని ఒకే ఒక్క ప్రశ్న అడిగింది. "మీ ఆవిడకి గ్యాస్ పోయిందా?"

ఎప్పుడో గర్భసంచి తీసిన ఆపరేషన్ తాలూకు మచ్చ లోపల పీచులా పెరిగి, దర్జీ భార్య పేగును మెలిపెట్టింది. ముక్కులో గొట్టం, చేతికి సెలైన్, బిందెలా ఉబ్బిన కడుపు. గ్యాస్ పోతే పేగు దారికొస్తున్నట్టు, పోకపోతే కోయాల్సిందే. కత్తి పేరెత్తితేనే ఆవిడకు పైప్రాణాలు పైనే పోతాయి. మొగుడి చెయ్యి గిల్లింది.

"పోయిందండీ, రెండుసార్లు" అన్నాడు దర్జీ. రెండోది సొంత తెలివి, మహానుభావుడు!

"అయితే సాయంత్రం దాకా చూద్దాం" అని సర్జనమ్మ వెళ్లిపోయింది.

ఇక అతనికి కాలు నిలవలేదు. మంచం దగ్గర్నుంచి నడవాలోకి, నడవాలోంచి మంచం దగ్గరికి. కొనుక్కున్న టీ కిటికీలోనే చల్లారిపోయింది. మధ్యాహ్నం దాకా నొప్పి వచ్చి పోతుండేది. రెండింటికల్లా పోవడం మానేసింది.

"చెప్పేస్తానే."

"చెప్పావో, జన్మలో నీతో మాట్లాడను" అంది పళ్లు బిగించి.

ఒక్క పరుగున సర్జన్ గదిలోకి దూరాడు. "పోలేదమ్మా! ఒక్కసారి కూడా పోలేదు. అబద్ధమాడాను."

ఆవిడ తిట్టలేదు. వచ్చి కడుపు నొక్కి చూసి, నర్సు వైపు తిరిగి "థియేటర్‌కి తీసుకురండి, ఇప్పుడే" అంది.

రెండు గంటల తర్వాత బయటికొచ్చింది. "పీచులు తెంపాం. కానీ జానెడు పేగు నల్లబడిపోయింది. వేడి గుడ్డ కప్పి చూశాం, రంగు తిరగలేదు. ఆ ముక్క తీసేసి కుట్టాం. పొద్దున్నే అయితే తెంపడంతో సరిపోయేదేమో."

"బతుకుతుందా అమ్మా?"

"బతుకుతుంది."

మర్నాడు భార్యకు బాగా తెలివొచ్చింది. పొట్ట మీది కట్టు తడుముకుంది. "నమ్మినందుకు నన్ను కోయించావా?"

తప్పు డాక్టర్ల మీదికి నెట్టేయొచ్చు, ఆవిడకేం తెలుస్తుంది? దర్జీకి ఆ ఆలోచన వచ్చింది కూడా. వెంటనే తన మీద తనకే అసహ్యం వేసింది.

"కోయించానే. ఆలస్యంగా కోయించాను. జానెడు పేగు నా నోటి వల్లే పోయింది" అని బావురుమన్నాడు.