దాచిన ఫోల్డరు

మా ఎంబ్రాయిడరీ షాపులో మూడు మిషన్లున్నాయి. మూడింటినీ ఒక్క పాత కంప్యూటరే నడిపిస్తుంది. దాని కీబోర్డు మీద అక్షరాలు అరిగింది నా వేళ్ళకే. దుమ్ము పడకుండా గుడ్డ తొడుగు కుట్టింది నేనే. పొద్దున్నే దాన్ని తెరిచే పాస్‌వర్డు పదేళ్ళుగా నాకొక్కదానికే తెలుసు. పెద్దకోడలిగా ఈ ఇంట్లో నాకు దక్కిన గౌరవమంతా ఆ కంప్యూటరు ముందున్న కుర్చీలోనే ఉంది.

మూడు వారాల కిందట ఆ కుర్చీలో అత్తయ్య నా తోడికోడల్ని కూర్చోబెట్టారు. "చిట్టికి కూడా నేర్పవే. వచ్చే నెల నుంచి ఇది చూసుకుంటుంది, నువ్వు ప్యాకింగ్‌లో ఉందువుగాని" అన్నారు.

మొదటిరోజే చిట్టి మిషన్లను నడిపే సిస్టమ్ ఫైళ్ళు కొన్ని తీసి కంప్యూటరులోని చెత్తబుట్టలో పడేసింది. "పేర్లు అర్థం కాలేదక్కా, పనికిరానివేమో అనుకున్నా" అంది. మూడు మిషన్లూ ఆగిపోయాయి. నేను వాటన్నిటినీ ఏరి మళ్ళీ వాటి చోట పెట్టేసరికి మధ్యాహ్నం దాటింది. అత్తయ్యేమో నవ్వేసి, "పోనీలే, కొత్త కదా" అన్నారు. నేను కొత్తలో ఒక్క సూది విరగ్గొడితే నెల్లాళ్ళు దెప్పిన మనిషి! నాకు ఒళ్ళు మండిపోయింది.

ఆ సాయంత్రమే ఆ ఫైళ్ళున్న ఫోల్డరును కంటికి కనబడకుండా దాచి, చెరపడానికి వీల్లేకుండా చేశాను. నీ మంచికే అని చిట్టితో అన్నాను. అందులో సగమే నిజం.

తర్వాత ఆమె ఒక్క తప్పూ చేయలేదు. పనివాళ్ళు కూడా "చిన్నమ్మగారిని అడుగుదాం" అనడం మొదలుపెట్టారు. ఆ మాట విన్నప్పుడల్లా నా కడుపులో మంట.

నిన్న భోజనానికి లేచేముందు ఆ కట్టుదిట్టమంతా తీసేశాను. దాచిన ఫైళ్ళన్నీ బయటికి వచ్చాయి. "అంతా గజిబిజిగా ఉంది, కాస్త సర్దు చిట్టీ" అని చెప్పి మరీ వెళ్ళాను. మిషన్ల చప్పుడు ఎప్పుడాగుతుందా అని చెవి అటే వేసి కూర్చున్నాను. ఆగలేదు.

తిరిగొచ్చి చూస్తే ఆ ఫైళ్ళు తెర మీద కనబడలేదు. వెతికాను. అన్నీ ఉన్నాయి, నేను మొదట దాచినట్టే భద్రంగా.

"మీరు మర్చిపోయి వదిలేసినట్టున్నారక్కా. మళ్ళీ దాచేశాను. ఎవరికీ చెప్పలేదులెండి" అంది చిట్టి, నా మొహం చూడకుండా.

"నీకెవరు నేర్పారు?"

"మీరే. ఆ రోజు మీ వెనక నిలబడి చూశాను. కాగితం మీద రాసుకున్నాను కూడా."

అంతలో అత్తయ్య గుమ్మంలోకి వచ్చారు. "ఏమిటే గుసగుసలు? ఇది మళ్ళీ ఏమైనా పాడుచేసిందా?"

అవునంటే చాలు, కుర్చీ నాదే. చిట్టి తల దించుకుంది.

"లేదత్తయ్యా. నేనే పాడుచేయబోయాను. తను కాపాడింది."

అత్తయ్య నా మాటలో చివరి ముక్కే విన్నారు. "మా చిట్టి ఎంత తెలివైందో చూశావా!" అని ఆమె బుగ్గ పుణికి వెళ్ళిపోయారు. ఈసారీ నా కడుపు భగ్గుమంది, అబద్ధమెందుకు!

చిట్టి కుర్చీలోంచి లేచింది. "కూర్చోండక్కా."

"నువ్వే కూర్చో. ఆ కాగితం ఏదీ? పాస్‌వర్డు కూడా రాసుకో."

"చెప్పండి."

కీబోర్డు మీద అరిగిన అక్షరాల వంక చూస్తూ చెప్పాను.

"పెద్దకోడలు."

చిట్టి నవ్వుతుందేమోనని చూశాను. నవ్వలేదు. బుద్ధిగా రాసుకుంది.